తిరగరాత

మూడేండ్లకు మూడు దినాలు తక్కువ.
కాలదోషం పట్టే లోపల నోటు తిరగరాయాలని
పెనుమూరులో బస్సు దిగి వచ్చినారిద్దరూ,
ఒకరెనక ఒకరు,
మాట్లాడుకోకుండా.

ఆ నోట్లో ఉండే గుండ్రటి అక్షరాలు నావే.
దాని ముందు నోట్లోవీ నావే.
మొదట అరవై వేలు, నూటికి రెండు రూపాయల వడ్డీ.
మూడేండ్లకు దాని కడుపున
నలభైమూడు వేల రెండొందలు పుట్టినాయి.
చెంగల్రాయుడు ఆ మూడు వేల రెండొందలు విదిలించి
లక్షకు రాయించుకున్నాడు.
"లెక్క గుండుగా ఉండాది గదన్నా" అని నవ్వినాడు కూడా.
ఈపొద్దు లక్షా డెబ్బైరెండు వేలు.
ఈపొద్దు నవ్వలా.

అప్పిచ్చిన వజ్రవేలు ఆడి నెలలో పోయినాడు.
ఆయన పెండ్లాం దేశమ్మ వచ్చింది,
రాయవేలూరు ఆస్పత్రి మాత్రల కవర్లో
నోటు మడిచి పెట్టుకోని.

అలవాటు చొప్పున మొదలుపెట్టినా,
రాస్తా రాస్తా పైకి చదువుతా:
"ఈ దినము నా అవసర నిమిత్తం
మీ వద్ద రొక్కముగా పుచ్చుకున్న..."

"ఆగు" అన్నాది దేశమ్మ.
"ఏం పుచ్చుకున్నాడు? నేనేమిచ్చినా?"

ఇరవై ఆరేండ్లుగా రాస్తా ఉండా.
ఆ మాట నన్నెవురూ అడగలా.
ఈ బల్ల మీద తిరగరాసిన ఏ నోటుకూ
ఒక చేతి నుంచి ఇంకో చేతికి
పది రూపాయల కాగితం కదల్లేదు.
అన్నిట్లోనూ రొక్కముగానే రాసినా.
అట్లా రాయాలని మా మామ నేర్పించినాడు,
మా మామకు ఇంకెవురో.

చెంగల్రాయుడు గొంతు సవరించుకున్నాడు.
గానుగ మోటరు కాలిపోయింది,
చిత్తూరు మండీలో నల్లబెల్లం అడిగే నాథుడు లేడు,
పెనం అడుగున చిల్లి, అతుకేసినా కారతా ఉండాది.
"అసలుకే రాయించుకోమ్మా. అరవైకి."
"అరవై ఇచ్చినప్పుడు సవర బంగారం ఎంత,
ఇప్పుడెంత? నువ్వే చెప్పు."

ఆమె కూడా బెల్లం వండే ఇంట పుట్టిందే.
పాకం బొట్టును నీళ్లలో వేసి
వేలితో ఒత్తి చూసినట్టు
అతని మొగం చూస్తా ఉండాది.
లక్షా యాభై అన్నాది.
ఎనభై అన్నాడు.
లక్షా ముప్ఫై.
టీ వచ్చింది.
టీకి ఎవురియ్యాలో తేలక
ఇద్దరూ గ్లాసుల్లోకి చూస్తా ఉంటే
నేనే ఇచ్చేసినా.

ఖాళీ గ్లాసు బల్ల మీద బోర్లించి
"ఇంక దించేద్దాం" అన్నాది.
"ఇంకొంచేపు కాస్తే మాడిపోతాది.
లక్షా పది. వడ్డీ రూపాయి.
రోజు మార్చి రోజు నీ బోరు నీళ్లు
నా అరెకరా చెరుకుకు."

"నీళ్ల సంగతి నోట్లో రాయకూడదమ్మా" అన్నా.
"నీ నోట్లో వద్దులే.
వాని నోట్లోనుంచి రానీ, చాలు."

స్టాంపు నాలికకు అద్ది, అంటించి,
దాని మీద అడ్డంగా సంతకం పెట్టి,
అది ఆరిందాకా ఊది,
అప్పుడన్నాడు, సరే అని.

రొక్కముగా అనే మాట కొట్టేసినా.
మునుపటి బాకీ తాలూకు అని రాయబోతే
పాత చాలు మరిగిన ఎద్దును పక్కకు మలిపినట్టు
చెయ్యి మొరాయించింది.
కొత్త కాగితం తీసుకోని మళ్లీ మొదట్నుంచి రాసినా.
ఇంకో స్టాంపు. మళ్లీ నాలిక.
"మీరు కోరినప్పుడు
మీకు గాని మీ అనుమతి పొందిన వారికి గాని చెల్లించి..."
ఆ చివరి వరస మాత్రం ముట్టుకోలేదు.
దానికి ఎదురు అడగడం
నాకూ తెలీదు.

పాత నోటు మీద మూలకు మూల గీత గీసి
చెల్లు అని రాసి చేతికిచ్చినా.
చెంగల్రాయుడు దాన్ని రెండు దిక్కులా తిప్పి చూసి
చించకుండా జేబులో పెట్టుకున్నాడు.

బస్సు ఇంకా రాలా.
మొదటి రోజు ఎవురిదని
రోడ్డు మీద నిలబడి వాదులాడుకుంటా ఉండారు,
సోమవారమంటాడు అతను,
ఈ రాత్రికే అంటాది ఆమె.
ఇంత దూరానికి వినపడతా ఉండాది.
కలం మూత పెట్టి వింటా ఉండా.